ముఖాముఖి గదిలో మన మాటే మనకు బలం

ప్రత్యేక వ్యాసం

- ఉద్యోగ ఇంటర్వ్యూలలో తరచుగా అడిగే ప్రశ్నలు, వాటికి వ్యక్తిత్వం ఉట్టిపడే సమాధానాలు
- మనోహరాబాద్ పారిశ్రామిక ప్రాంత యువతకు, ఎంపికల నిర్వాహకులకు కొన్ని సూచనలు

మనోహరాబాద్ (మెదక్ జిల్లా): హైదరాబాద్ నుండి 44వ నంబరు జాతీయ రహదారి మీదుగా ఉత్తర దిశగా ప్రయాణించి మెదక్ జిల్లాలో అడుగిడిన వారికి తొలుత కనిపించేవి కర్మాగారాల రేకుల కప్పులు, గోదాములు, వాటి ముందు బారులు తీరిన లారీలు. కాళ్లకల్, కూచారం, ముప్పిరెడ్డిపల్లి వంటి గ్రామాలు గల మనోహరాబాద్ 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్వ్యవస్థీకరణ సందర్భంగా ప్రత్యేక మండలంగా ఏర్పడింది. అంతకు మునుపు ఈ గ్రామం తూప్రాన్ మండలంలో ఉండేది. ఇక్కడి నుండి కొత్తపల్లి వరకు నిర్మించతలపెట్టిన రైలు మార్గానికి 2016 ఆగస్టు 7న శంకుస్థాపన జరుగగా, 2023 అక్టోబరు 3న సిద్దిపేట వరకు ప్రయాణికుల రైలు ప్రారంభమైంది. అదే సంవత్సరం జనవరి 30న ఐ.టి.సి. సంస్థ సుమారు 450 కోట్ల రూపాయల పెట్టుబడితో, దాదాపు 59 ఎకరాలలో నెలకొల్పిన ఆహార ఉత్పత్తుల కర్మాగారం ఈ ప్రాంతంలోనే ప్రారంభమైంది.

ఒకనాడు పని వెదుక్కొంటూ ఊరు విడిచిన కుటుంబాలకు నేడు పని ఊరి పొలిమేర వరకు వచ్చింది. అయితే పొలిమేర నుండి కర్మాగారం గేటు లోపలికి చేరుటకు మధ్యలో ఒక చిన్న గది కలదు. అదే ఇంటర్వ్యూ గది. పదేళ్లు, పదిహేనేళ్లు సాగిన చదువు అక్కడ పది నిమిషాల సంభాషణతో తూకానికి వస్తుంది.

స్థానికులకు ఉద్యోగాలు ఇవ్వడం లేదన్నది పారిశ్రామిక ప్రాంతాల గ్రామాలలో తరచుగా వినవచ్చే ఫిర్యాదు. వచ్చిన అభ్యర్థులు నోరు విప్పడం లేదన్నది యాజమాన్యాల జవాబు. ఉద్యోగ మేళాలలో బల్ల పక్కన నిలబడి గమనించిన వారికి ఈ రెండింటి నడుమ గల మరొక వాస్తవం బోధపడుతుంది. మన యువతకు మాట్లాడడం రాక కాదు. వారు మాట్లాడుతున్నది తమ మాట కాదు. ఎవరో వ్రాసి ఇచ్చిన సమాధానాన్ని వల్లెవేయడం వలన యాభై మంది అభ్యర్థులు ఒకే గొంతుతో పలుకుతున్నారు. యాభై మందిలో ఒకరిని ఎంచుకోవలసిన అధికారికి అప్పుడు మార్కుల జాబితా తప్ప మరొక ఆధారం మిగలదు.

వ్యక్తిత్వం అనగా నేమి?

వ్యక్తిత్వం అనగానే మెరిసే బూట్లు, మెడకు టై, గలగల పారే ఇంగ్లీషు అని పలువురు భావిస్తున్నారు. ఎంపిక మండలులు ఆశించేది అది కాదు. యూనియన్ పబ్లిక్ సర్వీస్ కమిషన్ సివిల్ సర్వీసెస్ ముఖాముఖిని వ్యక్తిత్వ పరీక్ష అనియే వ్యవహరిస్తుంది. మొత్తం 2025 మార్కులలో దీనికి 275 మార్కులు కేటాయించారు. అభ్యర్థికి ఏమి తెలుసునన్నది వ్రాత పరీక్షలో తేలుతుంది. తెలిసిన దానితో, తెలియని దానితో కూడ అతడు ఎట్లు వ్యవహరిస్తాడన్నది ముఖాముఖిలో తేలుతుంది.

ఈ భేదాన్ని న్యాయస్థానాలు కూడ గుర్తించాయి. 1981లో లీలాధర్ వర్సెస్ రాజస్థాన్ రాష్ట్రం కేసులో సుప్రీంకోర్టు తరఫున తీర్పు వ్రాసిన వారు తెలుగువారైన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. వ్రాత పరీక్ష అభ్యర్థి జ్ఞానాన్ని, మేధాశక్తిని కొలువగా, ముఖాముఖి అతని సమగ్ర వ్యక్తిత్వాన్ని అంచనా వేయగలదని ఆ తీర్పు వివరించింది. అదే సమయంలో ముఖాముఖి దుర్వినియోగం కాగలదన్న హెచ్చరిక సైతం సుప్రీంకోర్టు నుండే వెలువడింది. శ్రీనగర్ ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాల ప్రవేశాలకు సంబంధించిన అజయ్ హాసియా కేసులో, 150 మార్కులలో 50 మార్కులు మౌఖిక పరీక్షకే కేటాయించి, ఒక్కొక్కరితో రెండు మూడు నిమిషాలు మాత్రమే మాట్లాడి, తల్లిదండ్రుల వివరాలు, నివాసం వంటివి అడిగి పంపివేశారన్న ఆరోపణ వచ్చింది. మౌఖిక పరీక్షకు 15 శాతానికి మించి మార్కులు ఉంచడం సహేతుకం కాదని 1980 నవంబరులో న్యాయస్థానం అభిప్రాయపడింది.

తదనంతర కాలంలో ప్రభుత్వ నియామకాలలో ముఖాముఖి పాత్ర గణనీయంగా తగ్గింది. కేంద్ర ప్రభుత్వం 2016 జనవరి 1 నుండి గ్రూప్-సి, గ్రూప్-బి నాన్ గెజిటెడ్ ఉద్యోగాలకు ఇంటర్వ్యూలను తొలగించింది. తెలంగాణ ప్రభుత్వం 2022లో గ్రూప్-1, గ్రూప్-2 నియామకాలకు సైతం తొలగించింది. కనుక నేడు ఇంటర్వ్యూ గది తలుపు ఎక్కువగా కనిపించేది ప్రయివేటు రంగంలోనే. మనోహరాబాద్ వంటి పారిశ్రామిక మండలంలో దాని ప్రాధాన్యం మరింత ఎక్కువ.

నీరటి నేర్పిన పాఠం

ఇక్కడ ఈ వ్యాసకర్త స్వానుభవం ఒకటి ప్రస్తావించడం అప్రస్తుతం కాబోదు. సుమారు మూడు దశాబ్దాల క్రితం బి.ఏ. పట్టా చేతబట్టుకొని ఒక ఎంపిక మండలి ఎదుట కూర్చొనగా, పౌరసంబంధాలు అనగా నేమి అని ప్రశ్నించారు. పాఠ్యగ్రంథంలోని నిర్వచనాన్ని పొల్లు పోకుండ అప్పగించడం జరిగింది. సభ్యులలో ఒకరు కళ్లద్దాలు సవరించుకొంటూ, "బాబూ, మీ ఊరి చెరువుకు గండి పడిందని రాత్రి పుకారు వచ్చిందనుకో. నిజమో కాదో మీ ఊరివారు ఎవరిని అడుగుతారు?" అన్నారు.

ఏ పుస్తకంలోను లేని ప్రశ్న అది. కొంత తటపటాయించిన పిమ్మట, "నీరటిని అడుగుతారండి. రోజూ తెల్లవారుజామున తూము దగ్గరకు వెళ్లి చూసి వచ్చేవాడు అతనొక్కడే. సర్పంచి చెప్పినా ఎవరూ నమ్మరు కాని, నీరటి చెబితే ఊరంతా నిద్రపోతుంది" అన్న సమాధానం వెలువడింది. మండలి సభ్యులు ఒకరి ముఖం ఒకరు చూసుకొని చిరునవ్వు నవ్వారు. తరువాతి పావుగంట సంభాషణ అంతయు చెరువు, పుకారు, నమ్మకం అన్న మూడు మాటల చుట్టూ సాగింది. ప్రజలు ఎవరిని నమ్ముతారో తెలుసుకొనుటయే పౌరసంబంధాలలో మొదటి పని అన్న సంగతి ఈ వ్యాసకర్తకు తన నోటి మాట విన్న తరువాతనే తెలిసివచ్చింది.

నిర్వచనం తప్పు కాదు. అయితే దానిని ఎవరైనను చెప్పగలరు. నీరటి సంగతి ఆ ఊరిలో పెరిగినవాడే చెప్పగలడు. ఇంటర్వ్యూలో వ్యక్తిత్వం కనబరచుట అనగా ఇంతే. అడిగిన ప్రశ్నకు తాను చూచిన, చేసిన, అనుభవించిన ఒక వాస్తవాన్ని సాక్ష్యంగా నిలుపుట.

"మీ గురించి చెప్పండి"

దాదాపు ప్రతి ఇంటర్వ్యూ ఈ ప్రశ్నతోనే ఆరంభమవుతుంది. దాదాపు ప్రతి అభ్యర్థి "మైసెల్ఫ్" అంటూ ఆరంభించి, పేరు, తండ్రి పేరు, పదవ తరగతి శాతం, ఇంటర్ శాతం, హాబీలు పుస్తక పఠనం, సంగీతం వినుట అని ముగిస్తారు. ఈ వివరాలన్నియు బల్లపై ఉన్న బయోడేటాలో ముందే కలవు. అధికారి కోరుతున్నది కాగితంపై లేని సంగతి.

ఈ సమాధానం నిమిషం, నిమిషంన్నరకు మించనవసరం లేదు. నేను ఎవరిని, ఏమి చేయగలను, ఇక్కడికి ఎందుకు వచ్చాను అన్న మూడు అంశాలు చాలును. మధ్య అంశానికి మాత్రం ఒక ఉదాహరణ తప్పనిసరి. ఒక కర్మాగారంలో నాణ్యతా పరిశీలన విభాగంలో సహాయకుని ఉద్యోగానికి వచ్చిన డిగ్రీ అభ్యర్థి ఈ విధంగా చెప్పవచ్చును:

"సార్, మాది వ్యవసాయ కుటుంబం. రెండు సీజన్లు మా ఊరి ఐకేపీ ధాన్యం కొనుగోలు కేంద్రంలో పని చేశాను. తేమ యంత్రంతో ధాన్యం చూసి రిజిస్టరులో వ్రాయడం నా పని. తేమ 17 శాతం దాటితే తీసుకోకూడదు. ఒకసారి మా సొంత చిన్నాయన ధాన్యం 19 వచ్చింది. ఇంకొక రోజు ఆరబెట్టమని చెప్పాను. ఆయన వారం రోజులు నాతో మాట్లాడలేదు. తరువాత ఆయనే నన్ను పిలిచి, తక్కినవాళ్లవి కూడా ఇట్లే చూడమని చెప్పాడు. కొలత విషయంలో మొహమాటం ఉండకూడదని అక్కడ నేర్చుకున్నాను."

ఈ సమాధానంలో నిజాయితీ అన్న పదం లేదు, క్రమశిక్షణ అన్న పదం లేదు. రెండును కనిపిస్తున్నాయి. పైగా ఆ అభ్యర్థి చేయబోయే ఉద్యోగం కూడ అదే: కొలిచి, వ్రాసి, తగనిదానిని తిప్పి పంపుట. విచారకరమైన విషయమేమనగా, ఇటువంటి అనుభవం గల యువకులలో అధిక సంఖ్యాకులు దానిని ఇంటర్వ్యూలో చెప్పుకొనుటకు నామోషీ పడుతున్నారు. కొనుగోలు కేంద్రంలో సంచుల లెక్క వ్రాయడం, పాలకేంద్రంలో వెన్న శాతం చూడడం, తల్లి సభ్యురాలైన మహిళా సంఘం తీర్మానాల పుస్తకం నింపడం, బడిలో మధ్యాహ్న భోజనం వండే తల్లికి తోడ్పడడం, బోరు మోటారు స్టార్టరు బాగుచేయడం వంటివన్నియు పని అనుభవాలే. బయోడేటాలో అనుభవం అన్న గడిలో సున్న చుట్టవలసిన అవసరం లేదు.

బలం, బలహీనత

మీ బలం ఏమిటన్న ప్రశ్నకు "కష్టపడి పని చేస్తాను" అన్నది సర్వసాధారణ సమాధానం. అధికారి మనసులో వెంటనే కలిగే ప్రశ్న, దానికి రుజువేమిటి అని. రుజువు చూపగల ఒక్క బలం, రుజువు లేని ఐదు బలాల కంటె మేలు. "పన్నెండు గంటలు నిలబడగలను" అనుటకు బదులు, "వానాకాలం నాట్లప్పుడు తెల్లవారి కరెంటు వచ్చే వేళకు లేచి నీళ్లు పెట్టి, కాలేజీకి వెళ్లేవాడిని. ఆ సంవత్సరం హాజరు తగ్గలేదు" అని చెప్పిన అభ్యర్థిని రాత్రి షిఫ్టు గురించి మరల ప్రశ్నించనవసరం లేదు.

బలహీనత విషయంలో రెండు పొరపాట్లు జరుగుతున్నాయి. మొదటిది తెలివిగా తప్పించుకొనుట. "ప్రతి పని సంపూర్ణంగా చేయాలన్న పట్టుదలే నా బలహీనత" అన్న సమాధానాన్ని అధికారులు వందల పర్యాయాలు విని ఉన్నారు. రెండవది అమాయకంగా అన్నియు ఒప్పుకొనుట. నాకు కోపం ఎక్కువ, బద్ధకం ఎక్కువ అని చెప్పి ఊరకుంటే ఆ సంభాషణ అక్కడితో ముగుస్తుంది.

మధ్యేమార్గం కలదు. నిజమైన ఒక లోపాన్ని చెప్పి, దానిని సరిదిద్దుకొనుటకు చేస్తున్న పనిని వెంటనే చెప్పవలెను. ఉదాహరణకు: "నలుగురిలో మాట్లాడాలంటే నాకు గొంతు వణుకుతుంది మేడమ్. డిగ్రీ రెండవ సంవత్సరంలో సెమినార్ మధ్యలో ఆగిపోయి కూర్చున్నాను. అప్పటి నుండి మా సంఘం సమావేశంలో గత నెల తీర్మానాలు చదివే పని నేనే తీసుకున్నాను. ఇప్పుడు కూడా మొదటి రెండు నిమిషాలు వణుకుతుంది. తరువాత సర్దుకుంటుంది." ఈ మాటలు చెప్పుచుండగా ఆమె గొంతు కొద్దిగా వణికినను నష్టం లేదు. చెప్పిన దానికి అదియే సాక్ష్యం. అయితే ఉద్యోగానికి ప్రాణమైన అంశాన్ని బలహీనతగా చెప్పుకొనరాదు. లెక్కల విభాగానికి వచ్చినవారు అంకెలంటే భయమని చెప్పుట వినయం అనిపించుకొనదు.

"ఈ సంస్థలోనే ఎందుకు?"

సంస్థ చాల గొప్పది, దేశంలోనే పేరెన్నికగన్నది అన్న పొగడ్త ఇక్కడ పనికిరాదు. ఇంటికి దగ్గర అన్న సమాధానం నిజమే అయినను అసంపూర్ణం. స్థానికతను బలంగా మలచుకొని చెప్పవచ్చును. "మా ఊరి నుండి కర్మాగారానికి పది నిమిషాల దారి. వర్షం వచ్చినా, బస్సు రాకపోయినా షిఫ్టుకు ఆలస్యం కాను. అద్దె ఖర్చు లేదు కనుక ఆరు నెలలకే మానివేసి వెళ్లవలసిన అవసరం నాకు రాదు" అన్నప్పుడు, దగ్గర అన్న మాట యాజమాన్యానికి కూడ లాభమని తేలుతుంది. చేరినవారు త్వరలోనే మానివేయుట యాజమాన్యాలను వేధించే సమస్య.

దీనితో పాటు ఆ సంస్థ ఏమి తయారు చేస్తున్నదో ముందుగా తెలుసుకొనుట కనీస ధర్మం. గోధుమపిండి, బిస్కెట్లు, నూడుల్స్ వంటి ఆహార పదార్థాల కర్మాగారానికి వెళ్లేవారు పరిశుభ్రత గురించి, మందుల కర్మాగారానికి వెళ్లేవారు రికార్డుల ఖచ్చితత్వం గురించి, గోదాముకు వెళ్లేవారు సరుకు లెక్క గురించి తమ అనుభవంలోని ఒక సంఘటనను సిద్ధం చేసుకొనవలెను.

ఐదేళ్ల తరువాత, చదువు మధ్యలో విరామం, జీతం

ఐదేళ్ల తరువాత ఎక్కడ ఉంటారన్న ప్రశ్నకు మేనేజరు అవుతాననుట అతిశయోక్తిగా, తెలియదనుట నిర్లిప్తతగా ధ్వనిస్తాయి. "మొదటి సంవత్సరం యంత్రం పూర్తిగా నేర్చుకుంటాను. కొత్తగా వచ్చినవారికి నేర్పగల స్థాయికి చేరి, లైన్ సూపర్‌వైజర్ కావాలన్నది నా ఆలోచన" అన్నది నేలపై నిలబడిన సమాధానం. ప్రభుత్వ ఉద్యోగాల పరీక్షలకు సిద్ధమవుతున్నారా అని అడిగితే దాచనవసరం లేదు. చేసినంత కాలం ఏ విధంగా చేస్తారో చెప్పుట ముఖ్యం.

చదువులో విరామం, తప్పిన సబ్జెక్టులు పల్లె యువతలో పలువురికి కలవు. తండ్రి అనారోగ్యం, అక్క పెండ్లి, కాలం కాకపోవుట వంటి కారణాలు వాస్తవమే. కారణాన్ని ఒక్క వాక్యంలో, ఆ కాలంలో చేసిన పనిని రెండు మూడు వాక్యాలలో చెప్పవలెను. జాలి కోరరాదు. లేని కోర్సును సృష్టించి ఖాళీని పూరించుట అంతకన్నను ప్రమాదకరం. ధ్రువపత్రాల పరిశీలనలో బయటపడిన అబద్ధం ఉద్యోగంతో పాటు పరువును కూడ తీసుకుపోతుంది.

జీతం ఎంత ఆశిస్తున్నారన్న ప్రశ్నకు "మీ ఇష్టం సార్" అనుట మర్యాద కావచ్చును కాని సమాధానం కాదు. అదే పనికి చుట్టుపక్కల కర్మాగారాలలో ఎంత ఇస్తున్నారో ముందే విచారించుకొని ఒక పరిమితి చెప్పవలెను. చెప్పిన మొత్తంలో చేతికి అందేది ఎంత అని అడుగుట తప్పు కాదు. భవిష్య నిధి కింద ఉద్యోగి వాటా సాధారణంగా 12 శాతం, ఇ.ఎస్.ఐ. వర్తించేవారికి ఉద్యోగి వాటా 0.75 శాతం. ఈ రెండు కోతలు, ఓవర్ టైం, క్యాంటీను, బస్సు వసతి, కంపెనీ ఉద్యోగమా లేక కాంట్రాక్టరు ద్వారానా అన్న విషయాలు స్పష్టం చేసుకొనుట అభ్యర్థి హక్కు. ఉద్యోగం ఇప్పిస్తామని ఎవరైనను ముందుగా సొమ్ము అడిగినచో ఇవ్వరాదు. అటువంటివారి గురించి పోలీసులకు తెలియజేయవలెను.

చివరగా "మీరు ఏమైనా అడుగుతారా?" అంటారు. ఏమీ లేదు సార్ అని లేచి రావడం ఒక అవకాశాన్ని వదులుకొనుటయే. "మొదటి నెలలో నాకు శిక్షణ ఎవరు ఇస్తారు? ఈ పనిలో కొత్తవారు ఎక్కువగా చేసే తప్పు ఏమిటి?" అని అడిగిన అభ్యర్థి మనసులో అప్పటికే పనిలో చేరినట్లు అధికారికి అనిపిస్తుంది.

భాష అడ్డుగోడ కారాదు

పైన ఉదాహరించిన సమాధానాలన్నియు తెలుగులో ఉండుట యాదృచ్ఛికం కాదు. ఆలోచన మొదట సొంత భాషలో స్పష్టం కావలెను. శ్రీకాకుళం జిల్లా పారసంబ గ్రామానికి చెందిన రోణంకి గోపాలకృష్ణ ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయునిగా పని చేస్తూ, తెలుగు మాధ్యమంలో వ్రాసి, తెలుగులోనే ముఖాముఖికి హాజరై 2016 సివిల్ సర్వీసెస్ పరీక్షలో జాతీయ స్థాయి 3వ ర్యాంకు సాధించారు. మరుసటి సంవత్సరపు పరీక్షలో జగిత్యాల జిల్లా మెట్‌పల్లికి చెందిన దురిశెట్టి అనుదీప్ ప్రథమ ర్యాంకు పొందగా, వ్యక్తిత్వ పరీక్షలో ఆయనకు వచ్చినవి 275కు 176 మార్కులు. అనగా దేశంలో ప్రథముడికి కూడ ముఖాముఖిలో దాదాపు వంద మార్కులు తగ్గాయి. లోపం లేని సమాధానం కోసం తపించి నోరు కట్టుకొనే యువత ఈ అంకెను గుర్తుంచుకొనవలెను.

ఇంగ్లీషు అవసరం లేదని దీని అర్థం కాదు. 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గ్రామీణాభివృద్ధి శాఖ పరిధిలో ఏర్పాటైన ఎంప్లాయ్‌మెంట్ జనరేషన్ అండ్ మార్కెటింగ్ మిషన్ పల్లె యువతకు ఇంగ్లీషు, పని సంసిద్ధత, కంప్యూటరు అను మూడింటిని కలిపి మూడు నెలల శిక్షణగా రూపొందించింది. భాషను వ్యాకరణంగా కాక పని చేసే చోట పలికే మాటగా నేర్పుట దాని ప్రత్యేకత. తెలంగాణ ఏర్పడిన 2014లోనే నెలకొల్పిన తెలంగాణ అకాడమీ ఫర్ స్కిల్ అండ్ నాలెడ్జ్ (టాస్క్) కళాశాల విద్యార్థుల ఉద్యోగ నైపుణ్యాలపై దృష్టి సారించింది. "సార్, పని వివరాలు ఇంగ్లీషులో చదివి అర్థం చేసుకోగలను. ఈ సమాధానం మాత్రం తెలుగులో చెబితే సరిగా చెప్పగలను" అని అనుమతి కోరుట బలహీనత కాదు. తన హద్దు తెలిసినవాని ఆత్మవిశ్వాసం అది.

అధికారులు, ఎంపిక నిర్వాహకులు గమనించవలసినవి

సమాధానంలో వ్యక్తిత్వం కనిపించాలంటే ప్రశ్నలో దానికి చోటు ఉండవలెను. రెండు నిమిషాలలో ఊరి పేరు, తండ్రి వృత్తి అడిగి పంపివేసే పద్ధతిని నాలుగు దశాబ్దాల క్రితమే న్యాయస్థానం ప్రశ్నించిన సంగతి పైన పేర్కొనడమైనది. అంతర్జాతీయ పరిశోధనలు కూడ ఇదే దిశను సూచిస్తున్నాయి. ఎనభై అయిదేళ్ల అధ్యయనాలను క్రోడీకరించి 1998లో ఫ్రాంక్ ష్మిట్, జాన్ హంటర్ ప్రచురించిన వ్యాసం, ముందుగా నిర్ణయించిన ప్రశ్నలతో, ఒకే కొలమానంతో జరిపే ఇంటర్వ్యూలు విడి సంభాషణల కన్న పనితనాన్ని మెరుగుగా అంచనా వేస్తాయని తెలిపింది. 2022లో పాల్ సాకెట్ బృందం అంచనాలను సవరించి చూచినప్పుడు ఎంపిక పద్ధతులన్నింటిలో అటువంటి ఇంటర్వ్యూలే అగ్రస్థానంలో నిలిచాయి.

కావున ఉద్యోగ మేళాలు నిర్వహించునప్పుడు ఈ క్రింది అంశాలు పాటించుట శ్రేయస్కరం.

- ఖాళీల సంఖ్యతో పాటు పని స్వభావం, షిఫ్టు వేళలు, చేతికి అందే జీతం మేళాకు ముందే గ్రామ పంచాయతీ నోటీసు బోర్డుపై తెలుగులో ప్రదర్శించవలెను.
- ఒకే ఉద్యోగానికి వచ్చిన అందరినీ ఒకే ప్రశ్నలు అడుగునట్లు, ప్రతి ఒక్కరికి కనీసం పది నిమిషాలు కేటాయించునట్లు సంస్థలను కోరవలెను.
- "మీరు కష్టపడతారా?" అని కాక, "మీరు కష్టమైన పని పూర్తి చేసిన ఒక సందర్భం చెప్పండి" అని అడిగినచో కంఠస్థ సమాధానానికి తావుండదు.
- పెండ్లి ఎప్పుడు, పిల్లలు ఎప్పుడు, కులమేమి వంటి ప్రశ్నలకు స్థానం లేదు. నియామకాలలో లింగ వివక్షను 2019 నాటి వేతనాల స్మృతి నిషేధిస్తున్నది.
- ఎంపిక కానివారికి ఒక్క వాక్యంలోనైనను కారణం తెలియజేయవలెను. తెలియజేయనిచో అదే పొరపాటుతో వారు మరొక మేళాకు వెళ్తారు.
- మేళాకు వారం ముందు కళాశాలలో లేక మండల కేంద్రంలో మాదిరి ఇంటర్వ్యూలు నిర్వహించవలెను. అక్కడ సమాధానాలు పంచిపెట్టరాదు. ప్రతి అభ్యర్థి చేత తాను చేసిన మూడు పనులను సొంత మాటలలో చెప్పించవలెను.

పాత్రికేయ మిత్రులకు కూడ ఒక విన్నపం. మేళాకు ఎందరు హాజరైనారు, ఎందరికి నియామక పత్రాలు అందినవి అన్న అంకెలు ఆ రోజు వార్త. మూడు నెలల తరువాత ఎందరు పనిలో కొనసాగుచున్నారు, తిరిగి వచ్చినవారు ఏమి చెబుతున్నారు అన్నది అంతకన్న ముఖ్యమైన వార్త. అటువంటి కథనాలు యాజమాన్యాలకు, యంత్రాంగానికి, యువతకు మార్గదర్శకం కాగలవు.

పరిశ్రమకు భూమి, నీరు, విద్యుత్తు, రహదారి సమకూర్చుట ప్రణాళికతో సాధ్యమే. ఆ పరిశ్రమ గేటు లోపల స్థానిక యువకునికి, యువతికి ఒక కుర్చీ సమకూరుట మాత్రం పలు పర్యాయాలు పది నిమిషాల మాటపై ఆధారపడి ఉన్నది. ఆ మాట అరువు తెచ్చుకొన్నది కాకుండ, తన ఊరిలో, తన ఇంటిలో, తన చేతులతో సంపాదించుకొన్నది అయినప్పుడు బల్లకు అవతల కూర్చున్న అధికారి తల ఎత్తి చూస్తాడు. మనోహరాబాద్ యువతకు చెప్పుకొనదగిన అనుభవాలు కొరత లేదు. వాటిని నామోషీ లేకుండ చెప్పుకొనే ధైర్యాన్ని, వాటిని ఓపికగా వినే ఏర్పాటును కల్పించుట మనందరి బాధ్యత.

- పౌరసంబంధాల అధికారి